ముందు ఏం తీసేశారో వినండి

పోయిన సంచికలో కొన్ని ప్రయోగాత్మక హిప్‌హాప్ ఆల్బమ్‌లని, వాటి పక్కనే కొన్ని ఆల్టర్నేటివ్ రాక్ ఆల్బమ్‌లని మెచ్చుకుంటూ రాశాను. దానిమీద చాలా ప్రశ్నలు వచ్చాయి, కొన్ని ఇష్టంగా, కొన్ని బాగా కోపంగా. ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ పెడుతున్నాను, ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను.

ప్రశ్న: మీరు రాశారని డెత్ గ్రిప్స్ ‘ద మనీ స్టోర్’ పెట్టాను. మూడో పాటకే తలనొప్పి వచ్చి ఆపేశాను. నిజం చెప్పండి, ఇది సంగీతమేనా? లేక గొప్పదని ఎవరో అన్నారని అందరూ తలూపుతున్నారా?

జవాబు: సంగీతమే. తలనొప్పి వచ్చిందంటే అదీ నమ్ముతాను, ఎందుకంటే మిమ్మల్ని ఒక్క క్షణం కూడా కుదురుగా కూర్చోనివ్వకూడదనే ఆ ఆల్బమ్‌ని అలా కట్టారు. వీళ్ళు ముగ్గురు, కాలిఫోర్నియాలోని శాక్రమెంటో వాళ్ళు. ఎంసీ రైడ్ ర్యాప్ చేస్తాడు, చేస్తాడు అనడం కంటే గొంతు చించుకుంటాడు అనాలి. జాక్ హిల్ డ్రమ్మర్, అంతకుముందు హెల్లా అనే రాక్ బ్యాండ్‌లో పిచ్చి వేగంతో వాయించినవాడు. కీబోర్డులు, రికార్డింగ్ పని ఆండీ మోరిన్‌ది. 2012 ఏప్రిల్‌లో ఎపిక్ అనే పెద్ద లేబుల్ ఈ ఆల్బమ్ విడుదల చేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో తర్వాతి ఆల్బమ్ ‘నో లవ్ డీప్ వెబ్’ని లేబుల్‌తో ఒక మాటైనా చెప్పకుండా వాళ్ళే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశారు, దాంతో ఎపిక్ వాళ్ళని వదిలించుకుంది. పాటల్లో ఎంత మొండితనం ఉందో బయటా అంతే.

ఇప్పుడు మీ తలనొప్పి సంగతి. మామూలు పాటలో చరణం అయ్యాక గాయకుడు ఊపిరి తీసుకుంటాడు, ఆ సందులో మనమూ తీసుకుంటాం. ఇక్కడ ఆ సందు తీసేశారు. గొంతు ఆగితే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) అరుస్తుంది, సింథ్ ఆగితే డ్రమ్స్ మీద పడతాయి. ఇలాంటి ఆల్బమ్ ఏది పెట్టినా నేను ముందు వెతికేది ఇదే: పాటలో మామూలుగా ఉండాల్సింది ఏది ఇందులో లేదు? అది పట్టుకున్నారంటే మిగతాది ఎందుకు అలా వినిపిస్తోందో దానంతట అదే తెలుస్తుంది. మళ్ళీ ఎప్పుడైనా విందామనిపిస్తే ‘ఐవ్ సీన్ ఫుటేజ్’ ఒక్కటీ వినండి, అది డాన్స్ పాటకి దగ్గరగా ఉంటుంది.

కానీ మొదలుపెట్టాల్సింది ఇక్కడ కాదు. ‘మ్యాడ్‌విలనీ’తో మొదలుపెట్టండి. 2004 మార్చిలో స్టోన్స్ త్రో లేబుల్ నుంచి వచ్చింది, బీట్లు, అంటే ర్యాప్ కింద మోగే సంగీతం, మ్యాడ్‌లిబ్‌వి, ర్యాప్ ఎంఎఫ్ డూమ్‌ది. 22 ట్రాకులు, మొత్తం కలిపి 46 నిమిషాలు. ఇందులో తీసేసింది పల్లవి. చాలా పాటలు రెండు నిమిషాలకే అయిపోతాయి, డూమ్ వస్తాడు, ప్రాస మీద ప్రాస అల్లుకుంటూ పోతాడు, వెళ్ళిపోతాడు, ఎక్కడా ఒక లైను మళ్ళీ మళ్ళీ పాడి మీ చేత పాడించడు. అయినా చెవికి ఎంత హాయిగా ఉంటుందో, ఎందుకంటే పల్లవి చేయాల్సిన పని లూప్, అంటే తిరిగి తిరిగి వచ్చే చిన్న ముక్క, చేస్తుంది. ‘అకార్డియన్’ వినండి. ఆ చిన్న అకార్డియన్ ముక్క తిరుగుతూనే ఉంటుంది, దానిమీద డూమ్ ఏ మాట ఎక్కడ వేస్తున్నాడో చూడండి, ఒక్కోసారి బీట్‌కి కాస్త వెనక, ఒక్కోసారి వాక్యం మధ్యలో లైను విరిచి.

ఈ ఆల్బమ్ వెనక ఒక కథ కూడా ఉంది, అది మీ చెవికి పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను. మ్యాడ్‌లిబ్ ఇందులో కొన్ని బీట్లు బ్రెజిల్ వెళ్ళినప్పుడు హోటల్ గదిలో చేశాడు, చేతిలో ఉన్నది చిన్న రికార్డ్ ప్లేయర్, ఎస్పీ-303 అనే చవక శాంప్లర్ (రికార్డుల్లోంచి ముక్కలు కోసి మళ్ళీ వాయించే యంత్రం), ఒక టేప్ డెక్, అక్కడే కొన్న పాత రికార్డులు. తర్వాత ఆల్బమ్ పూర్తి కాకుండానే ఇంటర్నెట్‌లోకి లీక్ అయిపోయింది. ఇద్దరూ విసిగిపోయి పని వదిలేశారు, వేరే వేరే ఆల్బమ్‌లు చేసుకున్నారు. మళ్ళీ కూర్చున్నప్పుడు డూమ్ తన భాగాలు కొత్తగా రికార్డ్ చేశాడు, ఈసారి గొంతు తగ్గించి, నిదానంగా. లీకైన పాత వెర్షన్‌లో గొంతు హుషారుగా ఉంటుంది, విడుదలైనదాంట్లో సోఫాలో వెనక్కి వాలి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నాకు రెండోదే నచ్చుతుంది. అంత చిక్కటి ప్రాసల్ని హుషారుగా చెబితే గొప్ప చూపించుకున్నట్టు ఉండేది.

ప్రశ్న: ఇంగ్లీష్ ర్యాప్ నాకు సగం అర్థం కాదు. యాస, వేగం, వాళ్ళ ఊళ్ళ మాటలు. మాటే ప్రాణమైన సంగీతాన్ని మాట తెలీకుండా వింటే ప్రయోజనం ఏమిటి?

జవాబు: ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినవాళ్ళకి కూడా మొదటిసారి సగమే అర్థమవుతుంది, ఈ విషయంలో మీరేం వెనకబడిలేరు. మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బ్యాండ్ ‘లవ్‌లెస్’లో మాటలు విడదీయడం ఎవరి వల్లా కాదు. కాక్టో ట్విన్స్ బ్యాండ్‌లో ఎలిజబెత్ ఫ్రేజర్ పాడిందాంట్లో చాలా చోట్ల అవి మాటలో వట్టి ధ్వనులో తేల్చుకోలేం, అయినా ‘హెవెన్ ఆర్ లాస్ వేగస్’ వింటూ మనసు కదలనివాళ్ళు తక్కువ.

ర్యాప్‌లో అయితే మాట కావాలి, ఒప్పుకుంటాను. నా పద్ధతి చెప్తాను. మొదటిసారి గొంతుని వాయిద్యంలాగే వినండి: ఎక్కడ పైకి లేస్తోంది, ఎక్కడ బీట్‌ని దాటి పోతోంది, ఎక్కడ కావాలని వెనకబడుతోంది. ఒకట్రెండు లైన్లు చెవిలో పడి ఉండిపోతాయి కదా, అప్పుడు సాహిత్యం తెచ్చుకుని చదువుకుంటూ వినండి. వినకముందే చదవకండి. ముందే చదివితే చెవి కాగితం వెంట పరుగెడుతుంది, పాట వెనకబడిపోతుంది.

లాస్ ఏంజిలిస్ బృందం క్లిప్పింగ్ ఈ పనికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే వాళ్ళ ర్యాపర్ డవీద్ డిగ్స్ వేగంగా చెప్పినా ప్రతి అక్షరం కడిగినట్టు వినిపిస్తుంది (‘హామిల్టన్’ నాటకంలో లాఫయెట్, జెఫర్సన్ వేషాలు వేసింది ఈయనే). ఇందులో ఏం తీసేశారో తెలుసా, ‘నేను’ అనే మాట. ర్యాప్ అంటేనే నేను ఇలా పెరిగాను, నేను ఇంత గొప్ప అని చెప్పుకునే కళ. వీళ్ళు దాన్ని పక్కన పెట్టి, కెమెరా పట్టుకున్నవాడిలా ఎదుటివాళ్ళకి జరిగేది చెప్తారు. మిగతా ఇద్దరు, విలియం హట్సన్, జొనాథన్ స్నైప్స్, మామూలు డ్రమ్స్‌ని కూడా వీలైనంత దూరం పెట్టి రొదతో, దొరికిన చప్పుళ్ళతో బీట్లు చేస్తారు. 2014లో వచ్చిన ఆల్బమ్‌లో ‘గెట్ అప్’ అనే పాట ఉంది. దానికి ఆధారం ఒక అలారం గడియారం మోత. పొద్దున్నే లేవమని చెవిలో పొడిచే ఆ బీప్ బీప్ పాట పొడుగునా ఆగదు. మొదట చిరాకేస్తుంది, కాసేపటికి కాలు దానికే తాళం వేస్తుంది, కాస్త పోయాక దానిమీద ఒక అమ్మాయి తీయగా పాడటం మొదలెడితే ఆ బీప్ ఏ స్వరంలో ఉందో అప్పుడు తెలుస్తుంది. ఒక్క పాటలో చెవికి ఇంత శిక్షణ ఇచ్చేది నాకు ఇంకోటి తెలీదు.

ప్రశ్న: ఎర్ల్ స్వెట్‌షర్ట్ ‘సమ్ ర్యాప్ సాంగ్స్’ మొత్తం 25 నిమిషాలు కూడా లేదు. పాట మొదలయ్యేలోపే అయిపోతోంది, గొంతు బురదలోంచి వస్తున్నట్టుంది. ఇది బద్ధకం కాదా?

జవాబు: కాదండి. ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే గత పదేళ్ళలో వచ్చిన ర్యాప్ ఆల్బమ్‌లలో నేను ఎక్కువగా ప్రేమించింది ఇదే.

2018 నవంబర్‌లో వచ్చింది, 15 ట్రాకులు. ఎర్ల్ తండ్రి దక్షిణాఫ్రికా కవి కియోరాపెట్సే కొసిట్సిలె, ఆ దేశపు జాతీయ కవిగా గౌరవం పొందినవాడు. తల్లి అమెరికాలో న్యాయశాస్త్ర ప్రొఫెసర్. ఎర్ల్ చిన్నప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, ఆ లోటు గురించి ఎర్ల్ 2012 నుంచీ పాడుతూనే ఉన్నాడు. ఈ ఆల్బమ్‌తో తండ్రికి దగ్గర కావాలనుకున్నాడు. 2018 జనవరిలో ఆల్బమ్ వినకుండానే తండ్రి చనిపోయాడు.

ఇప్పుడు చివరి మూడు ట్రాకులు వరుసగా వినండి, మధ్యలో ఆపకుండా. ‘ప్లేయింగ్ పాసమ్’లో ఎర్ల్ గొంతే లేదు. తల్లి ఒక సభలో తనవాళ్ళకి కృతజ్ఞతలు చెప్తున్న ప్రసంగం, తండ్రి తన కవిత చదువుతున్న రికార్డింగ్, ఈ రెంటినీ కోసి ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. ఆమె ఒక మాట అంటుంది, ఆయన ఒక పంక్తి చదువుతాడు, మళ్ళీ ఆమె. బతుకులో కలిసి ఉండని ఇద్దరు ఒక్క నిమిషం పాటు ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. తల్లి తన కొడుకు పేరు చెప్పే చోట నాకు గొంతు పట్టేస్తుంది. ఇది ఇద్దరికీ వినిపించి ఆశ్చర్యపరుద్దామని దాచుకున్న ట్రాక్. తర్వాత వచ్చే ‘పీనట్’ తండ్రి పోయాక చేసింది. అందులో డ్రమ్స్ దాదాపు లేవు, పియానో ఏదో నీళ్ళలో నానిపోయినట్టు, గొంతు సగం మూసుకుపోయి. మీరు బురద అన్నారే, అదే అది. ఆ రోజుల్లో మనిషి గొంతు అలాగే ఉంటుంది, దాన్ని తుడిచి తళతళలాడేలా మిక్స్ చేసి ఉంటే అబద్ధమయ్యేది. ఆ తర్వాత ‘రయట్’, అందులో మాటలే లేవు, హ్యూ మసెకెలా ట్రంపెట్ పాట నుంచి తీసుకున్న శాంపిల్, అంటే కోసి తెచ్చుకున్న ముక్క. మసెకెలా వాళ్ళ కుటుంబానికి ఆప్తుడు, ఆయనా అదే జనవరిలో పోయాడు. దుఃఖం గురించి ఇంత చెప్పి చివరికి బాకా మోగించి ముగించాడు.

ఇందులో డ్రమ్స్‌ని పూర్తిగా తీసేయలేదు గానీ బాగా లోపలికి నొక్కేశాడు, పల్లవి తీసేశాడు, పాటకి మొదలు తుది తీసేశాడు. 25 నిమిషాల్లో ఇంత చెప్పినవాణ్ణి బద్ధకస్తుడనలేం కదా.

ముక్కల్లాంటి పాటలు అలవాటు కావాలంటే దీనికి ముందు జె డిల్లా ‘డోనట్స్’ వినండి. డిట్రాయిట్ మనిషి, అరుదైన రక్తపు జబ్బుతో, లూపస్‌తో ఆసుపత్రి పాలై ఉండగా చిన్న శాంప్లర్, ఒక రికార్డ్ ప్లేయర్ తెప్పించుకుని ఈ ఆల్బమ్‌లో కొంత అక్కడే చేశాడు. 2006 ఫిబ్రవరి 7న, ఆయన 32వ పుట్టినరోజున విడుదలైంది. మూడు రోజులకి చనిపోయాడు. 31 ట్రాకులు, అన్నీ చిన్నచిన్నవి, మొదటి ట్రాక్ పేరేమో ముగింపు, చివరిదాని పేరేమో స్వాగతం. డిల్లా డ్రమ్స్ కంప్యూటర్ కొట్టినంత సరిగ్గా తాళంలో పడవు. ఒక దెబ్బ వెంట్రుకవాసి ముందు, ఒకటి వెంట్రుకవాసి వెనక. శాంప్లర్ దాన్ని సరిచేస్తానంటుంది, ఆయన చాలాచోట్ల ఆ సదుపాయాన్ని వాడుకోలేదు. ఇప్పుడు జాజ్ డ్రమ్మర్లు కూర్చుని ఆ తడబాటు నేర్చుకుంటున్నారు. ఆయన వాడిన ఎంపీసీ అనే శాంప్లర్ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ళ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: ఎవరో కష్టపడి వాయించినదాన్ని కోసుకుని తమ పాటలో పెట్టుకోవడం దొంగతనం కాదా? దీనికి ప్రయోగం అని పేరెందుకు?

జవాబు: కోర్టు అచ్చం మీలాగే అంది. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ గిల్బర్ట్ ఓ సలివన్ పాటలో ముక్క అనుమతి లేకుండా వాడుకున్నాడని న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది. జడ్జి తీర్పు బైబిల్‌లోని ‘దొంగిలించకూడదు’ అన్న ఆజ్ఞతోనే మొదలుపెట్టాడు, ఆల్బమ్‌ని షాపుల్లోంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2005లో ఇంకో అప్పీలు కోర్టు, రెండు సెకన్ల గిటార్ ముక్క అయినా సరే లైసెన్స్ తీసుకోవాల్సిందే అంది.

అసలు వాయించినవాళ్ళకి డబ్బు, పేరు చేరాలి, అందులో నాకు అనుమానం లేదు. చాలామంది పాత ఫంక్, జాజ్ వాద్యకారులకి ఏమీ దక్కలేదు, అది అన్యాయం. కానీ దొంగతనం అనే ఒక్క మాటతో ఆ కళని కొట్టేయడానికి మనసొప్పదు. 1988లో వచ్చిన, పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం రెండో ఆల్బమ్ వినండి. బాంబ్ స్క్వాడ్ అనే వాళ్ళ ప్రొడ్యూసర్లు ఒక్కో పాటలో పదుల కొద్దీ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చారు, సైరన్‌లాంటి సాక్సఫోన్ కీచు, ఉపన్యాసం ముక్క, డ్రమ్స్ మీద డ్రమ్స్. వాటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే ఆ పాట కాదు. ఆ తీర్పు తర్వాత అన్ని ముక్కలకీ విడివిడిగా డబ్బు కట్టి అనుమతి తెచ్చుకోవడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు, ఆ తరహా సంగీతమే దాదాపు ఆగిపోయింది. డె లా సోల్ అనే ర్యాప్ బృందం 1989లో చేసిన మొదటి ఆల్బమ్ శాంపిల్స్ హక్కుల గొడవలో చిక్కుకుని 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌కే రాలేదు. ఆ 2023 ఫిబ్రవరిలోనే బృందంలో ఒకడైన ట్రూగాయ్ చనిపోయాడు, ఆ రోజు చూడకుండానే. చట్టం కాపాడింది ఎవరిని, పోగొట్టింది ఏమిటి అని లెక్క వేసేటప్పుడు ఇదీ వేయాలి.

ఈ గొడవలోంచి ఒక అందమైన ఉపాయం కూడా పుట్టింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పోర్టిస్‌హెడ్ అనే బృందం 1994లో ‘డమ్మీ’ చేసినప్పుడు వేరేవాళ్ళ రికార్డులు కొన్ని వాడుకుంటూనే, మిగతా చోట్ల తామే వాయించి, దాన్ని వినైల్ రికార్డుగా నొక్కించి, ఆ రికార్డుని అరగదీసి, మళ్ళీ దాంట్లోంచే శాంపిల్ చేసుకున్నారు. తమని తామే శాంపిల్ చేసుకున్నారన్నమాట. ఆ గరగర అంతా అలా వచ్చిందే. శాంప్లింగ్ అంటే చేతకాక చేసే పని అనుకునేవాళ్ళు వాళ్ళు పడ్డ శ్రమ చూడాలి.

ప్రశ్న: నేను రాక్ మాత్రమే వింటాను. ‘లవ్‌లెస్’, ‘స్పైడర్‌ల్యాండ్’, ‘డేడ్రీమ్ నేషన్’ నా ప్రాణం. వాటిని ర్యాప్‌తో కలిపి ఒకే కాలమ్‌లో రాయడం నాకు నచ్చలేదు. సంబంధం ఏమిటి?

జవాబు: సంబంధం ఒకే స్టూడియో దాకా ఉంది. సోనిక్ యూత్ బ్యాండ్ ‘డేడ్రీమ్ నేషన్’ 1988లో న్యూయార్క్‌లోని గ్రీన్ స్ట్రీట్ అనే స్టూడియోలో రికార్డ్ చేశారు. అది హిప్‌హాప్ వాళ్ళ అడ్డా. ఇంజనీర్ నిక్ సాన్సానో, పైన చెప్పిన పబ్లిక్ ఎనిమీ ఆల్బమ్‌కి పనిచేసినవాడే. అంటే మీరు ప్రాణం అంటున్న ఆ గిటార్ల రొదని, పబ్లిక్ ఎనిమీ సైరన్లని పట్టుకున్నది ఒకే చెవి. రెండేళ్ళకి సోనిక్ యూత్ ‘కూల్ థింగ్’ పాటకి పబ్లిక్ ఎనిమీ ర్యాపర్ చక్ డీ వచ్చి గొంతిచ్చాడు.

‘లవ్‌లెస్’ అంటే 1991 నవంబర్. మై బ్లడీ వాలెంటైన్ గిటారిస్ట్ కెవిన్ షీల్డ్స్ వాయిస్తూనే ట్రెమొలో కడ్డీని (తీగల శ్రుతి మార్చేది) చేత్తో పట్టి వంచుతుంటాడు, అందుకే ఆ తీగలన్నీ ఎండలో రోడ్డు మీద గాలి వణికినట్టు వణుకుతాయి. అది అందరికీ తెలుసు. డ్రమ్స్ సంగతి వినండి. వాళ్ళ డ్రమ్మర్ అప్పట్లో జబ్బుపడి వాయించలేకపోయాడు, చాలా పాటల్లో వినిపించేది ఆయన వాయించిన ముక్కల్ని శాంపిల్ చేసి లూప్ కట్టినవి. మ్యాడ్‌లిబ్ చేసే పనే కదండీ ఇది! ‘సూన్’ వినండి, అది నిజంగా డాన్స్ బీట్.

‘స్పైడర్‌ల్యాండ్’ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా ఒక్కటి. లూయివిల్‌కి చెందిన స్లింట్ కుర్రాళ్ళు అప్పటికి ఇరవై ఏళ్ళ అటూఇటూ వాళ్ళు, ఆరు పాటలు, 1991 మార్చిలో రికార్డు షాపుల్లోకి వచ్చేసరికి బ్యాండే లేదు. ఇందులో తీసేసింది పాడటం. బ్రయన్ మెక్‌మేన్ చాలాసేపు వట్టినే మాట్లాడతాడు, అదీ డ్రమ్స్ కింద నలిగిపోయేంత నెమ్మదిగా, చివరి పాట చివర్లో ఒక్కసారిగా అరుస్తాడు. అంతసేపు గొంతు దాచుకున్నాడు కాబట్టే ఆ అరుపు అంత తగులుతుంది. మాటని పాడకుండా తాళం మీద పేర్చడం మీకు అక్కడ నచ్చింది కదా, మరి డూమ్ దగ్గర ఎందుకు నచ్చదు? ‘స్పైడర్‌ల్యాండ్’ అయిన వెంటనే న్యూజెర్సీ బృందం డాలెక్ 2005 ఆల్బమ్ ‘ఆబ్సెన్స్’ పెట్టండి. ర్యాప్ చుట్టూ ఉన్నది గిటార్ల లాంటి రొద గోడ. మీలాంటి చెవికి అది మంచి గుమ్మం.

ప్రశ్న: రేడియోహెడ్ ‘కిడ్ ఏ’ని అంత మలుపు అంటారెందుకు?

జవాబు: 1997లో గిటార్ బ్యాండ్‌గా ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్నాక, 2000 అక్టోబర్‌లో దాదాపు గిటార్లే తీసేసి వచ్చారు కాబట్టి. సింగిల్స్ లేవు, మామూలు వీడియోలు లేవు, అయినా అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ‘ఇడియోటెక్’ వెనక ఉన్న ఆ నాలుగు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పాల్ లాన్స్కీ అనే స్వరకర్త 1973లో కంప్యూటర్ మీద కట్టిన కృతి నుంచి తీసుకున్న శాంపిల్, మరుగున పడిన రికార్డులోంచి ఒక ముక్క ఏరి దానికి కొత్త బతుకు ఇవ్వడం హిప్‌హాప్ వాళ్ళ విద్యే. నిజానికి ఆ విద్య వాళ్ళలో ముందే ఉంది. అంతకుముందు ఆల్బమ్‌లో మొదటి పాట ‘ఎయిర్‌బ్యాగ్’ డ్రమ్స్‌ని ముక్కలు చేసి కట్టింది డీజే షాడో ప్రభావంతోనే. ఆ షాడో 1996లో చేసిన ‘ఎండ్‌ట్రొడ్యూసింగ్’ దాదాపు పూర్తిగా పాత రికార్డుల ముక్కలతో, ఒక ఎంపీసీ యంత్రం మీద కట్టిన ఆల్బమ్. ‘కిడ్ ఏ’ నచ్చి షాడోని విననివాళ్ళు ఇవాళే వినాలి.

ప్రశ్న: అందరూ మెచ్చుకున్న ఆల్బమ్ నాకు నచ్చకపోతే నా చెవిలో లోపమా?

జవాబు: లేదు. న్యూట్రల్ మిల్క్ హోటల్ అనే బ్యాండ్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళున్నారు, నాకు ఆ గొంతు ఇప్పటికీ ఎక్కదు. వదిలేసి వేరేది వినండి.

ప్రశ్న: ఫోన్ స్పీకర్ చాలదా?

జవాబు: వీటికి చాలదు. ఫోన్ స్పీకర్‌లో బేస్ రాదు, డెత్ గ్రిప్స్‌లో సగం పాట బేస్‌లోనే ఉంటుంది, మీకు మిగిలేది కీచు మాత్రమే. తలనొప్పి వచ్చిందన్నవాళ్ళు ఎందులో విన్నారో నాకు తెలుసుకోవాలనుంది. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. సౌండ్ మరీ పెంచొద్దు, చెవులు మళ్ళీ రావు.

ప్రశ్న: మీరు చెప్పేవన్నీ మగవాళ్ళవే. పైగా అన్నీ పాతవే.

జవాబు: న్యాయమైన మాట. ఫిలడెల్ఫియాకి చెందిన మూర్ మదర్ ‘ఫెటిష్ బోన్స్’ 2016ది. ఆమె కవి, ఆమె గొంతులో నల్లజాతివాళ్ళ చరిత్ర వందేళ్ళ నాటిది, నిన్నటిది కలిసి ఒకే ఊపులో వస్తాయి, చుట్టూ విరిగిన యంత్రాల మోత. తేలిగ్గా ఉండదు, ఒక విడతలో రెండు మూడు ట్రాకులు వినడం మేలు. తర్వాత ర్యాపర్ బిల్లీ వుడ్స్‌తో కలిసి 2020లో చేసిన ‘బ్రాస్’ కాస్త దగ్గరకి రానిస్తుంది.

కొత్తవాటిలో 2021 సెప్టెంబర్‌లో వచ్చిన ఇంజరీ రిజర్వ్ ‘బై ద టైమ్ ఐ గెట్ టు ఫీనిక్స్’ తప్పకుండా వినాలి. అరిజోనాకి చెందిన ముగ్గురు, వాళ్ళలో స్టెపా జె. గ్రాగ్స్ 2020 జూన్‌లో 32 ఏళ్ళకే చనిపోయాడు. మిగిలిన ఇద్దరు ఆల్బమ్ పూర్తిచేశారు. బీట్ అనుకున్నది కూలిపోతుంది, మళ్ళీ లేస్తుంది, ఎక్కడ అడుగు వేయాలో తెలీదు. చివరిదానికి ముందు ‘నీస్’ అనే పాట, అందులో పోయినవాడి గొంతు వినిపిస్తుంది, తాగుడు గురించి, తగ్గించుకోవాలనుకోవడం గురించి, చాలా మామూలుగా. కొన్ని లైన్ల తర్వాత ఆ గొంతు ఆగిపోతుంది. ‘సమ్ ర్యాప్ సాంగ్స్’ మీకు పట్టి ఉంటే ఇది ఇంకా గట్టిగా పడుతుంది, ఒకే రోజు రెండూ వద్దు.

ఇక కిమ్ గోర్డన్. పైన చెప్పిన సోనిక్ యూత్‌లో బేస్ వాయిస్తూ పాడిన ఆవిడే. 2024 మార్చిలో, 70 ఏళ్ళ వయసులో, ‘ద కలెక్టివ్’ అనే ఆల్బమ్ చేసింది. జస్టిన్ రైసన్ కట్టిన, ట్రాప్ అనే ర్యాప్ తరహా బీట్లు, స్పీకర్ చిరిగిపోతుందేమో అన్నంత బేస్, దానిమీద ఆవిడ పాడదు, చదువుతుంది. మొదటి పాట ‘బై బై’ మొత్తం ప్రయాణానికి పెట్టె సర్దుకునే జాబితా, బట్టలు, మందులు, సామాన్లు, ఒకదాని తర్వాత ఒకటి. ఇంతే కదా అనిపిస్తుంది, కానీ ఆ బీట్ కింద ఆ గొంతు అంత తాపీగా ఒక్కో వస్తువు పేరు చెప్తుంటే ఈవిడ ఎక్కడికి వెళ్తోంది, మళ్ళీ వస్తుందా అని టెన్షన్ మొదలవుతుంది. రాక్ మాత్రమే వింటానన్న ఆ పాఠకుడు కూడా ఇది వినాలని నా కోరిక. విన్నాక ‘డేడ్రీమ్ నేషన్’లో ఆవిడ పాడిన పాటలు మళ్ళీ వేసుకుని చూడండి, తర్వాతి సంచికకి ఏమనిపించిందో రాయండి, అచ్చు వేస్తాను.